‘తగినంత’ అన్నది కొలత కాదు

తెలుగులో ‘మందు’ అన్న మాట నాలుగిళ్ళలో కాపురం చేస్తుంది. వైద్యుడు రాసిచ్చేది మందు. సారాకొట్టులో పోసేది మందు. పత్తిచేనుకు కొట్టేది మందు. తుపాకిలో దట్టించేదీ మందే. నిఘంటుకారులు దీన్ని నానార్థాల కింద జమకడతారు గానీ, ఆలోచించి చూస్తే నాలుగింటికీ అర్థం ఒకటే: మోతాదు తెలిసినవాడికి పనికొచ్చేది, తెలియనివాడి ప్రాణం తీసేది. ఇంత మంచి మాటను పుట్టించుకొన్న జాతి, మోతాదును పుస్తకంలో రాయవలసి వచ్చేసరికి ‘తగినంత’ అని రాసి చేతులు దులుపుకొంటుంది. ఉప్పు తగినంత. శొంఠి తగినంత. ఈ వ్యాసం ఆ ‘తగినంత’ మీద ఫిర్యాదు. సాక్ష్యానికి పిలిచిన పుస్తకం మాత్రం తెలుగు పాఠకులు సాధారణంగా తెరవనిది: అమెరికాలో లైమన్ సంస్థ వెలువరించిన రీలోడింగ్ కరదీపిక, 2016లో వచ్చిన 50వ కూర్పు.

ముందు విషయం ఏమిటో చెప్పాలి. అమెరికాలో పిస్తోళ్ళు, రివాల్వర్లు కాల్చే అభిరుచి ఉన్నవారిలో ఒక వర్గం తూటాలను కొనదు, స్వయంగా తయారుచేసుకొంటుంది. పేలిపోయిన తూటా తాలూకు ఇత్తడి గొట్టాన్ని పారవెయ్యకుండా శుభ్రం చేసి, అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తెచ్చి, అడుగున కొత్త ప్రైమర్ అమర్చి, లోపల మందు పోసి, మూతిలో గుండు కూర్చి బిగిస్తారు. ఖర్చు తగ్గుతుందని కొందరు, గురి కుదురుతుందని కొందరు, చేతిపని మీది మమకారంతో మరికొందరు. భారతదేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తూటా తయారుచెయ్యకూడదు కనుక తెలుగునాట ఈ అభిరుచి లేదు. అమెరికాలో ఇది చట్టబద్ధమైన ఇంటిపని. గరాజులో బల్ల వేసుకొని సాయంత్రాలు చేసుకొనే పని. మిగిలిన దశల్లో పొరపాటు పడితే చాలావరకు తూటా పాడవుతుంది. మందు దగ్గర పడితే మనిషే పాడవుతాడు.

సాహిత్యం చదివేవారి ముందు ఇలాంటి పుస్తకాన్ని పెట్టడమేమిటని కొందరు నొసలు ముడుస్తారు. అది న్యాయమైన అభ్యంతరమే. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల మరణించినవారు 48,830 మంది. వారిలో సగానికి మించి ఆత్మహత్యలు. ఈ దేశపు ఆసుపత్రుల్లో పనిచేసే వైద్యులకు అది కాగితం మీది అంకె కాదు. ఇంట్లో తుపాకి ఉండాలా, ఉంటే తాళం ఎక్కడ, తూటాలు ఎక్కడ అన్న వాదం పెద్దది, అవసరమైనది. కానీ ఆ వాదంలో ఈ కరదీపిక ముద్దాయి కాదు. తూటాలు చేసుకొనేవాడు పుస్తకం లేదని పని మానుకోడు. లెక్క లేకుండా చేస్తాడు. ప్రమాదకరమైన పనిని లెక్కతో నేర్పే పుస్తకం ఎలా ఉండాలన్నదే ఇక్కడి ప్రశ్న. ఆ ప్రశ్న తుపాకులను ముట్టనివారికి కూడా వర్తిస్తుంది.

మందును తూచే ప్రమాణం గ్రెయిన్. ఆ మాటకు అర్థం గింజ. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు. వైద్యానికి ఇది పరాయి కొలత కాదు. ఆస్పిరిన్ బిళ్ళ గుండుగా 300 కాకుండా 325 మిల్లీగ్రాములు ఎందుకయిందంటే, అది పాతకాలపు ఐదు గ్రెయిన్లు. గుండెజబ్బువారు రోజూ మింగే 81 మిల్లీగ్రాముల చిన్న బిళ్ళ ఒకటింబావు గ్రెయిన్. తెలుగు కంసాలి బంగారం తూచిన గురివింద గింజ సుమారు 120 మిల్లీగ్రాములు, అంటే రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. ఇప్పుడు పిస్తోలు సంగతి: 9 మిల్లీమీటర్ల తూటాలో పోసే మందు సాధారణంగా పది గ్రెయిన్ల లోపే. వేగంగా మండే కొన్ని మందుల్లో ఆరంభ మోతాదుకూ గరిష్ఠ మోతాదుకూ నడుమ దూరం అర గ్రెయిన్ కూడా ఉండదు. అంటే పావు గురివింద గింజ. వైద్యుల భాషలో చెప్పాలంటే ఇది డిగాక్సిన్, లిథియం వంటి మందుల కోవలోది: మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య సందు చాలా ఇరుకు. ఆ సందులో ‘తగినంత’ అన్న మాటకు చోటు లేదు.

ఇక లైమన్ పుస్తకంలో ఒక పేజీ ఎలా ఉంటుందో చూడాలి. తూటా పేరు పైన ఉంటుంది. దాని కింద, పరీక్షకు వాడినది ఏ తుపాకి లేక ఏ పరీక్షా గొట్టం, దాని పొడవెంత, ఏ సంస్థ ఇత్తడి, ఏ ప్రైమర్ అన్నీ రాసి ఉంటాయి. ఆ తరువాత ఏ గుండు, దాని బరువెంత, గుండు కూర్చాక తూటా మొత్తం పొడవెంత. ఇవన్నీ చెప్పాకే పట్టిక మొదలవుతుంది: మందు పేరు, ఆరంభ మోతాదు, దానితో వచ్చే వేగం, పీడనం; గరిష్ఠ మోతాదు, దానితో వచ్చే వేగం, పీడనం. ఒక అంకెను అచ్చువేసే ముందు, ఆ అంకె ఏ పరిస్థితుల్లో నిజమో పుస్తకం ఒప్పుకొంటున్నదన్నమాట. పరిస్థితి మారితే అంకె మారుతుందని పాఠకుడికి చెప్పకనే చెబుతున్నది. ఇది నిజాయితీ ఉన్న రచనకు గుర్తు. అలంకారాల్లేని ఈ పేజీలో ఉన్న నిజాయితీ, పీఠికల్లో సత్యం సత్యం అని గుండెలు బాదుకొనే గ్రంథాలు అనేకం చూపించలేవు.

ఇంత జాగ్రత్తగా కూర్చిన పుస్తకాన్ని వాడేవారిలోనే దాన్ని చులకన చేసేవారు నాలుగు రకాలవారు కనిపిస్తారు. వారి వాదాలను వరసగా ఎత్తుకోవాలి. ఎందుకంటే ఆ నాలుగు వాదాలే ఆసుపత్రి వరండాల్లోనూ, వంటిళ్ళలోనూ, పొలాల్లోనూ వేషం మార్చుకొని తిరుగుతుంటాయి.

మొదటి వాదం: ‘ఇప్పటి పుస్తకాలు లాయర్లు రాసినవి. పాత పుస్తకాల్లో అసలు మోతాదులు ఉన్నాయి. దావాలకు భయపడి అంకెలు తగ్గించారు.’ వినడానికి వీరత్వం ఉన్న మాట. దీనికి ఆధారంగా 1970లో స్పియర్ సంస్థ వేసిన 8వ కరదీపికను చూపిస్తారు. అందులో .38 స్పెషల్ తూటాకు ఇచ్చిన కొన్ని మోతాదులు తరువాతి కూర్పుల్లో తగ్గిన మాట నిజం. కానీ కారణం లాయరు కాదు, కొలత. ఒకప్పుడు తూటాలోని పీడనాన్ని చిన్న రాగి దిమ్మ ఎంత నలిగిందో చూసి లెక్కకట్టేవారు. రాగి దిమ్మ మెత్తగా, నిదానంగా నలుగుతుంది. లిప్తకాలంలో వచ్చిపోయే పీడన శిఖరం దానికి సరిగా అందదు. తరువాత పీజో విద్యుత్ స్ఫటికాలతో, క్షణక్షణానికీ పీడనం ఎలా లేచి ఎలా పడుతుందో గీత గీసి చూసే పద్ధతి వచ్చింది. గీత చూశాక కొన్ని పాత మోతాదుల అసలు రంగు బయటపడింది.

ఈ రెండు కొలతలను ఒకదానిలోంచి మరొకదానిలోకి మార్చే సూత్రం లేదు. అమెరికాలో తూటాలకు ప్రమాణాలు నిర్ణయించే సామీ అనే సంస్థ, 1926లో ఏర్పడినది, ఇచ్చిన అంకెలే ఇందుకు సాక్ష్యం. .45 ఏసీపీ తూటాకు గరిష్ఠ పీడనం రాగి ప్రమాణంలో 18,000. స్ఫటిక పద్ధతిలో చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు. .357 మాగ్నంకు రాగి ప్రమాణంలో 45,000. స్ఫటిక పద్ధతిలో 35,000. ఒకచోట కొత్త అంకె పెద్దది, మరొకచోట చిన్నది. ఏ గుణకారంతోనూ ఇవి కలవవు. పాత పుస్తకంలోని పీడనాన్ని కొత్త పుస్తకంలోని పీడనంతో పోల్చి ‘చూశారా, తగ్గించారు’ అనేవాడు సేరుతో కొలిచిన పాలనూ వీశెతో తూచిన బెల్లాన్నీ పోలుస్తున్నాడు. రక్తపోటు కొలిచే పట్టీ రాకముందు వైద్యులు నాడిని వేళ్ళతో నొక్కి గట్టిదో మెత్తదో చెప్పేవారు. పట్టీ వచ్చాక ‘ఆరోగ్యవంతులు’ అనుకొన్నవారిలో ఎందరో రోగులని తేలింది. రోగాన్ని పట్టీ పుట్టించిందని ఎవరూ అనరు కదా.

ఆ వాదంలో ఒక్క గింజ నిజం ఉంది, దాన్నీ దాచకూడదు. .357 మాగ్నం 1935లో పెద్ద చట్రం ఉన్న బరువైన రివాల్వర్ కోసం పుట్టింది. తరువాత అదే తూటా పట్టే చిన్న, తేలిక తుపాకులు వచ్చాయి. పుస్తకం రాసేవాడికి చదివేవాడి చేతిలో ఏ తుపాకి ఉందో కనిపించదు. కాబట్టి అతడు ఇచ్చే అంకె మంచి స్థితిలో ఉన్న ఏ తుపాకికైనా సరిపోవాలి. దీన్ని పిరికితనమంటే, మూత్రపిండాలు బలహీనమైన ముసలాయన్ను దృష్టిలో పెట్టుకొని మోతాదు తగ్గించి రాసే వైద్యుడూ పిరికివాడే. అలాంటి పిరికివాళ్ళ చేతుల్లోనే జనం బతికి బయటపడుతున్నారు.

రెండో వాదం మొదటిదానికి తల్లకిందులు: ‘అనుమానమొస్తే తగ్గించు. ఎంత తగ్గిస్తే అంత క్షేమం.’ అధికస్య అధికం ఫలం అనేవాడికంటే ఇతడు వివేకిగా కనిపిస్తాడు. అందుకే ఇతడి పొరపాటు మరింత చెడ్డది. గరిష్ఠ మోతాదు మాత్రమే ఇచ్చిన చోట అందులో పదింట ఒక వంతు తగ్గించి మొదలుపెట్టమనేది ఈ రంగంలో పరిపాటి సూత్రం. కానీ సూత్రానికి మినహాయింపులున్నాయి. హాడ్జ్‌డన్ సంస్థ అమ్మే హెచ్-110, వించెస్టర్ 296 అన్నవి రెండు పేర్లున్న ఒకే మందు. మాగ్నం రివాల్వర్లలో వాడే ఈ మందు నిదానంగా మండుతుంది. గట్టిగా నిండి, తగినంత ఒత్తిడి ఉంటేనే సరిగా అంటుకొంటుంది. దీన్ని నూటికి మూడు పాళ్ళకు మించి తగ్గించవద్దని దాన్ని అమ్మే సంస్థే హెచ్చరించింది. తగ్గిస్తే ఏమవుతుంది? తూటా పేలీ పేలకుండా తుస్సుమంటుంది, గుండు తుపాకి గొట్టం మధ్యలో ఇరుక్కుపోతుంది. కాల్చేవాడు గమనించక మళ్ళీ మీట నొక్కితే రెండో గుండు వెళ్ళి మొదటిదాన్ని ఢీకొంటుంది. గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది. సగం మోతాదు యాంటిబయాటిక్ మింగి సూక్ష్మజీవిని చంపకుండా దానికి శిక్షణ ఇచ్చి వదిలిపెట్టే రోగి తర్కం కూడా ఇదే: తక్కువ వాడాను కదా, ప్రమాదమేముంది?

తక్కువ మందులో మరో మోసం దాగి ఉంది. .38 స్పెషల్ నల్లమందు కాలపు తూటా. నల్లమందు పట్టడానికి చేసిన గొట్టం కనుక లోపల చోటెక్కువ. ఇప్పటి పొగరాని మందు అందులో అడుగున కాస్త పరుచుకొని ఉంటుంది. ఒకసారి పోసిన గొట్టంలో మళ్ళీ పోసినా పొర్లదు, పైకి కనిపించదు. తేలిక మోతాదుతో రివాల్వర్ బద్దలయిందని చెప్పుకొనే కథల్లో చాలావాటికి అసలు కారణం ఈ రెట్టింపు పోతేనని అనుభవజ్ఞులనేకుల అభిప్రాయం. కనుక ఆరంభ మోతాదును వెతకడమంటే చిన్న అంకెను వెతకడం మాత్రమే కాదు. రెండుసార్లు పోస్తే గొట్టం పొర్లిపోయేటంత దొడ్డుగా ఉండే మందును ఎంచుకోవడం, గుండు పెట్టేముందు ప్రతి గొట్టంలోకీ దీపం వేసి చూడడం కూడా. క్షేమం అంకెలో సగమే ఉంటుంది. మిగతా సగం అలవాటులో ఉంటుంది.

మూడో వాదం: ‘ఫలానా ఆయన ఇరవయ్యేళ్ళుగా ఈ మోతాదే వాడుతున్నాడు. ఆయనకేమీ కాలేదు.’ తెలుగువారికి ఈ గొంతు బాగా పరిచయం. మధుమేహానికి ఆకుపసరు చెప్పే పక్కింటాయన గొంతు ఇది. ఆయనకేమీ కాలేదన్నది ఆయన తుపాకి గురించిన వార్త, పాఠకుడి తుపాకి గురించి కాదు. ఒకే బరువున్న రెండు గుండ్లు ఒకే పొడవు ఉండనక్కరలేదు. రాగి తొడుగున్న గుండు, పూత వేసిన గుండు, వట్టి సీసం గుండు గొట్టంలో ఒకే రకంగా జారవు. ప్రైమర్ మారితే మంట మారుతుంది. గుండు కాస్త లోతుకు దిగితే లోపలి చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది? స్పియర్ సంస్థ తన కరదీపికలో ప్రకటించిన ఒక పరీక్షలో, 9 మిల్లీమీటర్ల తూటాలో గుండును అంగుళంలో వెయ్యింట ముప్ఫయ్యో వంతు, అంటే ముప్పాతిక మిల్లీమీటరు, లోపలికి దించితే పీడనం రాగి ప్రమాణంలో 28,000 నుంచి 62,000కు ఎగబాకింది. మందు ఒక్క రవ్వ కూడా పెరగలేదు. మరి ‘ఫలానా ఆయన’ తన మోతాదు చెప్పినప్పుడు గుండు పేరు చెప్పాడా? మొత్తం పొడవు చెప్పాడా? ప్రైమర్ చెప్పాడా? చెప్పడు. చెబితే అది సలహా గాక పరిశోధన అయిపోతుంది.

ఈ మూడో వాదంలోనే పాత పుస్తకాల భక్తి కూడా కలుస్తుంది. 2008లో అలయంట్ సంస్థ తన బ్లూ డాట్ అనే మందును .41 మాగ్నంలో అసలే వాడవద్దనీ, .357 మాగ్నంలో 125 గ్రెయిన్ల గుండుతో వాడవద్దనీ ప్రకటించింది. అంతకు ముందు అచ్చయిన పుస్తకాల్లో ఆ మోతాదులు ఉన్నాయి. ఆ పుస్తకాలు ఇళ్ళల్లో అలమరల్లో భద్రంగా ఉన్నాయి. అచ్చయిన అక్షరానికి తాను రద్దయిన సంగతి తెలియదు. పేర్ల సంగతి అంతకంటె ఘోరం. హెచ్-4831, ఐఎంఆర్-4831 అనే రెండు రైఫిల్ మందుల అంకె ఒకటే, గుణం ఒకటి కాదు. రెండోది మొదటిదానికంటే వేగంగా మండుతుంది. అంకె ఒకటేనని ఒకదాని మోతాదు మరొకదానిలో పోస్తే ఏమవుతుందో, వినడానికి ఒకేలా ఉండే రెండు మాత్రల పేర్లను తారుమారు చేసిన నర్సుకూ, ఆమె చేతిలో పడిన రోగికీ తెలుసు. అందుకే బల్ల మీద ఒక సమయంలో ఒకే మందు డబ్బా ఉండాలన్నది ఈ పనిలో మొదటి నియమం.

నాలుగో వాదం అందరికంటె తెలివైనవాడిది: ‘కొద్దికొద్దిగా పెంచుకొంటూ పోతాను. ప్రమాద సూచనలు కనిపించగానే ఆపేస్తాను.’ సూచనలంటే ప్రైమర్ చదునవడం, ఇత్తడి గొట్టం బిగుసుకుపోవడం వంటివి. ఇవి చాలావరకు అధిక పీడనంతో పనిచేసే రైఫిల్ తూటాల లోకంలోంచి వచ్చిన ఆనవాళ్ళు. అక్కడా అంత నమ్మదగినవి కావు. .38 స్పెషల్ గరిష్ఠ పీడనం 17,000 పౌండ్లు, .45 ఏసీపీది 21,000. అలాంటి తూటాల్లో ప్రైమర్ చదునయ్యేసరికి తూటా తన హద్దును ఎప్పుడో ఎన్నో మెట్లు దాటిపోయి ఉంటుంది. రక్తపోటు పెరిగితే తలనొప్పి వస్తుంది కదా, అప్పుడు మందు వేసుకొంటానన్న రోగికి తలనొప్పి రాకుండానే పక్షవాతం వస్తుంది. పైగా పీడనం మందుతో సమానంగా పెరగదు. మందు పదింట ఒక వంతు పెరిగితే పీడనం అంతకు మించి పెరుగుతుంది. మెట్లన్నీ ఒకే ఎత్తున్నాయనుకొని చీకట్లో ఎక్కేవాడికి చివరి మెట్టు గోడ అవుతుంది.

మరి సరైన దారి ఏది? ఈ నాలుగు వాదాలనూ పక్కకు నెడితే మిగిలేది నిరాడంబరమైన పద్ధతి. ఆడంబరం లేకపోవడమే దాని దోషం కాబోలు, ఎవరికీ నచ్చదు. ఇప్పటి కూర్పు కరదీపిక ఒకటి, మందు తయారుచేసినవారి తాజా పట్టిక ఒకటి, వీలైతే గుండు తయారుచేసినవారిది ఒకటి దగ్గర పెట్టుకోవాలి. చేతిలో ఉన్న గుండే ఆ పేజీలో ఉందా, లేకపోతే అదే బరువు, అదే రకం, అదే ఆకారం ఉన్నది ఉందా చూడాలి. పుస్తకాలు ఒకదానితో ఒకటి విభేదిస్తే సగటు కట్టకూడదు; అచ్చయిన ఆరంభ మోతాదుల్లో చిన్నదాన్ని తీసుకోవాలి, ఆ మందును అంతకు తగ్గించవద్దన్న హెచ్చరిక లేనంతవరకు. అచ్చులో ఉన్నదానికంటె కిందికి స్వంత బుద్ధితో దిగకూడదు. తూటా మొత్తం పొడవును పుస్తకం చెప్పినదానికంటె తగ్గించకూడదు. త్రాసును తూకపురాళ్ళతో సరిచూశాకే నమ్మాలి. కొద్ది తూటాలే చేసి, వేగం కొలిచే యంత్రం ముందు కాల్చి, వచ్చిన వేగాన్ని పుస్తకపు వేగంతో పోల్చుకోవాలి. పుస్తకం గరిష్ఠ మోతాదుతో వస్తుందన్న వేగం తక్కువ మోతాదులోనే వచ్చేస్తే, పీడనం కూడా అక్కడికి చేరిందని అర్థం, అక్కడ ఆగాలి. శబ్దం నీరసంగా వస్తే తుపాకి దింపి, ఖాళీ చేసి, గొట్టం లోపల చూశాకే తరువాతి మాట.

వైద్య విద్యార్థులకు ముసలివారి చికిత్స నేర్పేటప్పుడు చెప్పే మాట కూడా ఇదే: తక్కువతో మొదలుపెట్టు, నెమ్మదిగా పెంచు. ఆ మాటకు తరువాతి సగం ఎవరూ చెప్పరు: చేరవలసిన చోటు చేరాక ఆగు. గరిష్ఠ మోతాదు అన్నది గమ్యం కాదు, గోడ. కాగితపు గురిలో రంధ్రం పడడానికి గోడను తాకనక్కరలేదు. అన్నిటికంటె గురి కుదిరిన మోతాదు ఆ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉండడం ఈ పనిలో సర్వసాధారణం.

పొగడ్తలే సమీక్ష కావు. లైమన్ పుస్తకానికీ దాని ‘కింది నలుపు’ ఉంది. ఆరంభ మోతాదు అన్న గడిని ఇస్తుంది గానీ, ఆ అంకెకు ఎలా వచ్చారో పట్టిక పక్కన చెప్పదు. గరిష్ఠం నుంచి కొంత తీసివేశారా, లేక అంతకంటె కిందికి వెళ్తే మందు సరిగా మండడం లేదని చూసి నిర్ణయించారా? పాఠకుడికి ఈ రెండింటి మధ్య తేడా ప్రాణాధారం. మొదటిది నేల మీద గీసిన గీత. రెండోది నిజమైన అంచు. రెండింటినీ ఒకే అచ్చులో, ఒకే గడిలో వేస్తే, కిందికి దిగినా పరవాలేదనే భ్రమకు పుస్తకమే తలుపు తీసినట్టు. పరీక్షా గొట్టంలో కొలిచిన వేగం రివాల్వర్లో రాదు. రివాల్వర్లో గదికీ గొట్టానికీ నడుమ ఉన్న సందులోంచి వాయువు తప్పించుకొంటుంది. ఆ తేడా వల్ల, పుస్తకపు వేగం రాలేదని మందు పెంచేవారున్నారు. ఈ హెచ్చరిక ఎక్కడో ముందు అధ్యాయంలో కాదు, వేగపు అంకె పక్కనే ఉండాలి. హెచ్చరికకు ప్రమాదం జరిగే చోటే ఇల్లు.

అయినా ఈ లోపాలు వెతకగలగడానికి కారణం, పుస్తకం తన లెక్కను బయట పెట్టడం. బయట పెట్టని లెక్కలో తప్పు పట్టలేము. ఇక్కడే తెలుగు పుస్తకాల సంగతి వస్తుంది.

సురేకారం, గంధకం, బొగ్గు: ఈ మూడూ నల్ల తుపాకిమందుకు మూలద్రవ్యాలు. దీపావళికి ఇంట్లో చిచ్చుబుడ్డీలు కూరుకొన్న కుటుంబాలకూ ఇవే మూలద్రవ్యాలు. ఆ పాళ్ళు తాతల నాటి నోటుపుస్తకాల్లో పెన్సిలు గీతలుగా ఉండేవి. గంధకం ఎంత శుద్ధమైనదో, బొగ్గు ఏ కర్రదో, ఎంత మెత్తగా నూరాలో, ఎందులో నూరకూడదో ఉండేది కాదు. ఎవరి చెయ్యి కాలిందో మాత్రం ఊళ్ళో అందరికీ తెలిసేది. గృహవైద్యం పేరిట అమ్ముడయ్యే పుస్తకాల సంగతి అంతే: చిటికెడు, పిడికెడు, చారెడు. ఎవరి పిడికిలి? నాభి, ఉమ్మెత్త వంటివి మోతాదు తప్పితే విషాలని శాస్త్రం తెలిసిన ఆయుర్వేద వైద్యులే చెబుతారు. శుద్ధి చెయ్యాలంటారు, వయసునూ బలాన్నీ చూడాలంటారు. ఆ జాగ్రత్త అంతా చౌకబారు సంకలనాల్లోకి వచ్చేసరికి ‘తగినంత’గా కుదించుకుపోతుంది. కూర్పు సంవత్సరం ఉండదు. మోతాదు ఎవరు పరీక్షించారో ఉండదు. గత ముద్రణలో తప్పు దొర్లితే ఈ ముద్రణలో ఒప్పుకొన్న దాఖలా ఉండదు. పురుగుమందు సీసా మీది కొలతను రైతు చదవలేని అక్షరాల్లో అచ్చువేసి, తరువాత రైతుదే అజాగ్రత్త అనడం కూడా ఈ సంప్రదాయపు కొనసాగింపే.

దీనికి సాహిత్య పాఠకులకేం సంబంధమని అడగవచ్చు. సంబంధం ఉంది. తెలుగులో మంచి పుస్తకమంటే ఏమిటో నిర్ణయించేది వారే. పద్యంలో ఒక్క మాత్ర ఎక్కువైతే గణభంగమని పట్టుకొనేది వారే. ‘మాత్ర’ అన్న మాటను గమనించాలి: సంస్కృతంలో దాని అర్థం కొలత, ఛందస్సులో అది కాలపు కొలత, వైద్యంలో అది మింగే గుళిక, మోతాదు. ఒకే మాట మూడుచోట్లా ఉన్నదంటే, ఒకప్పుడు ఈ భాషలో కవికీ వైద్యుడికీ కొలత పట్ల ఒకే మర్యాద ఉండేదని అర్థం. ఇప్పుడు పద్యంలో మాత్ర తప్పితే సభలో నవ్వుతారు. గృహవైద్యం పుస్తకంలో మాత్ర తప్పితే ఎవరూ నవ్వరు, ఏడవరు, సమీక్షించరు కూడా. అది పుస్తకం కాదన్న చిన్నచూపు. ఆ చిన్నచూపు నీడలోనే ‘తగినంత’ పెరిగి పెద్దదయింది.

లైమన్ కరదీపికను తెలుగులోకి అనువదించాలని ఎవరూ కోరనక్కరలేదు. తెలుగునాట దాని అవసరం లేదు. కావలసింది దాని క్రమశిక్షణ. అంకె అచ్చువేసే ప్రతి తెలుగు పుస్తకాన్నీ, అది వైద్యమైనా, వ్యవసాయమైనా, వంటైనా, ఐదు ప్రశ్నలు అడగాలి. ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు? ఏ పరిస్థితుల్లో కొలిచారు? ఏ సంవత్సరంలో కొలిచారు? ఎంతకు దిగువన, ఎంతకు ఎగువన ఈ అంకె చెల్లదు? వీటికి జవాబు లేని పుస్తకం ఎంత చక్కటి తెలుగులో ఉన్నా, ఎవరి పీఠికతో వచ్చినా, అలమరలో ఉండవలసింది కాదు. తూటా చేసుకొనే గరాజు మనిషికి ఉన్న పట్టుదల, పుస్తకాల మధ్య బతికేవారికి లేకపోవడానికి కారణమేమీ లేదు.